తయారీ ఆగిపోయిన వైర్‌లెస్ టచ్ ప్యానెళ్లు: విడిభాగాలు ఎక్కడ దొరికాయి, ఎక్కడ దొరకలేదు

మా కళాశాల సెమినార్ హాలులో ప్రొజెక్టరు, మోటారు తెర, పరదాలు, దీపాలు, మైకుల శబ్దం అన్నీ చేతిలో పట్టుకుని తిరిగే ఒక టచ్ ప్యానెల్ ద్వారానే నడుస్తాయి. 2009లో అలాంటివి రెండు అమర్చారు. ఆ మోడల్ తయారీ ఆగిపోయి పదేళ్లు దాటింది. నిరుడు ఒకదాని బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది, రెండోదాని తెర మీద కుడివైపు నొక్కితే ఎడమవైపు బటన్ పనిచేయడం మొదలైంది. వ్యవస్థ మొత్తాన్ని కొత్తగా పెట్టడానికి వచ్చిన కొటేషన్ చూసి యాజమాన్యం వెనక్కి తగ్గింది, నిర్వహణ చూసే నాకు విడిభాగాలు వెతికే పని అప్పజెప్పింది. దాదాపు ఏడాది పాటు నేను తిరిగిన చోట్లు, కొన్న వస్తువులు, పోగొట్టుకున్న డబ్బు గురించి రాస్తున్న సమీక్ష ఇది. మా ప్యానెల్ ఏ కంపెనీదో చెప్పడం లేదు. ఆ తరం ప్యానెళ్లన్నింటి కడుపులో ఉన్నది ఇంచుమించు ఒకే సామాను కాబట్టి చెప్పినా చదివేవారికి ఒరిగేదేమీ లేదు.

ఈ రంగంలో మూసివేతలు, చేతులు మారడాలు కొత్త కాదు. ఫిలిప్స్ తన ప్రాంటో రిమోట్ల వ్యాపారాన్ని 2010లో మూసేసింది. ఇలాంటి ప్యానెళ్లు చేసే టెక్సస్ కంపెనీ ఏఎంఎక్స్‌ను 2014లో హార్మన్ కొనుక్కుంది, ఆ హార్మన్‌ను 2017లో శాంసంగ్ కొన్నది. లాజిటెక్ 2021లో హార్మొనీ రిమోట్ల తయారీని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటి మార్పు జరిగిన ప్రతిసారీ పాత మోడళ్ల పార్ట్ నంబర్లు ధరల పట్టిక నుంచి ఒక్కొక్కటిగా జారిపోతాయి. ఆ నంబరు పట్టుకుని వెతికే కొనుగోలుదారుకు వస్తువే భూమ్మీద లేదన్న భ్రమ కలుగుతుంది. నిజానికి ప్యానెల్ లోపలి ఎల్‌సీడీ ఒక కంపెనీది, టచ్ గ్లాసు ఇంకో కంపెనీది, బ్యాటరీలోని సెల్లులు మూడో కంపెనీవి. పైన పేరు వేసుకున్న కంపెనీ సొంతంగా చేసినవి ప్లాస్టిక్ పెట్టె, మదర్ బోర్డు, దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ మాత్రమే. ఈ సంగతి నాకు మొదటి రోజే తట్టి ఉంటే కనీసం మూడు నెలలు ఆదా అయ్యేవి.

మొదట వెళ్లింది అధికారిక డీలరు దగ్గరికే. వారం తర్వాత మూడు వాక్యాల మెయిల్ వచ్చింది: మోడల్ మద్దతు గడువు ముగిసింది, విడిభాగాలు లేవు, కొత్త మోడల్ ధర జతచేశాం. వారిని తప్పుపట్టలేను, ఎందుకంటే లేని సరుకును వారు మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు? అయితే నా రెండో మెయిల్‌కు జవాబుగా పాత సర్వీసు మాన్యువల్ పంపారు. ప్యానెల్‌ను ఏ వరుసలో విప్పాలో, ప్యానెల్‌ను కూర్చోబెట్టి చార్జి చేసే స్టాండు, అంటే డాక్ మీద ఏ పిన్ను దేనికో అందులో ఉంది. అందుకని విడిభాగాల విషయంలో అధికారిక సేవకు నేనిచ్చే మార్కులు సున్నా, కాగితాల విషయంలో మాత్రం పదికి ఎనిమిది. ఎవరైనా ముందుగా అడగవలసింది మాన్యువల్, ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఫైళ్లే. అవి కూడా వెబ్‌సైట్ల నుంచి మాయమయ్యే లోపు అడగాలి.

తర్వాత ఆన్‌లైన్ అమ్మకందారులు. మా ప్యానెల్ బ్యాటరీ పేరుతో, సరిగ్గా అదే నంబరుతో, "సరికొత్తది, ఒరిజినల్" అన్న మాటలతో ఒకచోట దొరికింది. డబ్బు కట్టాను. వచ్చిన పెట్టె సీలు తీయని అసలు పెట్టే, మోసమేమీ లేదు. కానీ లేబుల్ మీది తయారీ సంవత్సరం 2012. లిథియం అయాన్ బ్యాటరీ వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. పైగా లోపలి రక్షణ బోర్డు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది కాబట్టి గోడౌనులో ఏళ్ల తరబడి పడి ఉన్న ప్యాక్‌లో సెల్లుల వోల్టేజి ప్రమాదకరమైన స్థాయికి పడిపోతుంది. మల్టీమీటరు పెడితే 7.4 వోల్టులు చూపించవలసిన ప్యాక్ ఒకటిన్నర కూడా చూపించలేదు. అమ్మకందారు మర్యాదగా సగం డబ్బు తిరిగి ఇచ్చాడు. మిగిలిన సగం నేను నేర్చుకున్న పాఠానికి ఫీజు. పాత బ్యాటరీ కొనేటప్పుడు "కొత్తదా?" అని అడగడం అనవసరం, "ఏ సంవత్సరంలో తయారైంది, ఇప్పుడు వోల్టేజి ఎంత?" అని అడగాలి, మీటరు పెట్టిన ఫోటో పంపమనాలి.

విదేశీ అమ్మకందారుల దగ్గర ఇంకో చిక్కుంది. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడాన్ని 2016లో నిషేధించారు. అదే సంవత్సరం ఏప్రిల్ నుంచి సరుకు విమానాల్లో సైతం 30 శాతానికి మించి చార్జి లేకుండా పంపాలన్న నిబంధన వచ్చింది. చిన్న అమ్మకందారులు ఈ బాదరబందీ ఎందుకని బ్యాటరీ విడిగా పంపబోమని ముందే చెప్పేస్తారు. పరికరం లోపల బిగించి ఉన్న బ్యాటరీకి నియమాలు కొంత సులువే గానీ, వాడేసిన ఎలక్ట్రానిక్ సామాను దిగుమతికి మన దేశంలో ఆంక్షలున్నాయి. అందువల్ల అమెరికాలో చవకగా కనబడిన పాత ప్యానెళ్ల మీద నేను ఆశ వదులుకున్నాను. అక్కడున్న బంధువుల సూట్‌కేసులో తెప్పించుకోవచ్చు కదా అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. పాత బ్యాటరీ ఉన్న పరికరాన్ని బావమరిది చేతికిచ్చి విమానం ఎక్కించేంత ధైర్యం నాకు లేకపోయింది.

అసలు పరిష్కారం ఇంటికి పది కిలోమీటర్ల దూరంలోనే దొరికింది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ సంగతి ఎలక్ట్రానిక్స్ పని చేసేవారికి చెప్పనక్కర్లేదు. ల్యాప్‌టాప్, డ్రిల్లింగ్ మెషిన్ బ్యాటరీల్లో సెల్లులు మార్చి ఇచ్చే చిన్న దుకాణం ఒకటి అక్కడ ఉంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. ప్యానెల్‌లో మొదటి నుంచి ఉండి చచ్చిన ప్యాక్ తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. దుకాణదారు దాన్ని చెవి దగ్గర ఊపి చూసి, అంచు వెంబడి సన్నని బ్లేడు పోనిచ్చాడు. ఈ ప్యాకులకు స్క్రూలు ఉండవు, ప్లాస్టిక్ రెండు ముక్కలను కరిగించి అతికిస్తారు. లోపల నాలుగు సెల్లులు ఉన్నాయి. రెండేసి పక్కపక్కన జతచేసి, ఆ జతలను వరుసగా కలిపారు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు కలిగి 18650 అని పిలిచే మామూలు సెల్లులే అవి, ప్రతి పాత ల్యాప్‌టాప్‌లోనూ కనబడేవే. ఒక జత మూడు వోల్టులు చూపించింది, రెండో జత ఒక వోల్టు కూడా చూపించలేదు.

అప్పుడు అతను చేసిన పని చూసి నాకు నమ్మకం కుదిరింది. పాత సెల్లులను కత్తిరించే ముందు బల్ల మీది పవర్ సప్లైని 7.4 వోల్టులకు సరిచేసి, దాని తీగలను రక్షణ బోర్డుకు తాత్కాలికంగా అతికించాడు, మధ్య తీగకు కూడా సగం వోల్టేజి అందేలా ఏర్పాటు చేశాడు. ఎందుకు భాయ్ అని అడిగితే, "కరెంట్ ఆగితే చిప్పు పడుకుంటది సార్, మళ్లీ లేవదు," అన్నాడు. చార్జి శాతాన్ని లెక్కగట్టే చిప్ బోర్డు మీద ఉంటుంది. సెల్లులు ఊడిన మరుక్షణం కొన్ని రకాల చిప్పులు బ్యాటరీ పాడైందని శాశ్వతంగా రాసేసుకుని తాళం వేసుకుంటాయి, ఆపైన ఎంత మంచి సెల్లులు వేసినా ప్యానెల్ చార్జింగ్‌కు ఒప్పుకోదు. ఈ ఒక్క జాగ్రత్త తెలియని చోట ప్యాక్ ఇస్తే డబ్బు నీళ్లపాలే. అందుకని పని అప్పగించే ముందు ఈ ప్రశ్న వేసి చూడమని నా సలహా. సెల్లులకు నేరుగా టంకం పెడితే వేడికి అవి దెబ్బతింటాయి. అతను నికెల్ పట్టీలను స్పాట్ వెల్డింగ్ చేశాడు, ప్రతి అతుకును పటకారుతో లాగి చూశాడు, నాలుగు సెల్లులనూ ఒకే వోల్టేజికి తెచ్చాకనే కలిపాడు.

లోపాలు లేవని కాదు. ప్యాక్ మూత అతికించడానికి అతను వాడిన జిగురు మోటుగా బయటికి పొంగింది, ప్యాక్ ప్యానెల్ వెనక గదిలో కూర్చోకపోతే ఇంట్లో గరుకు కాగితంతో రుద్దుకోవలసి వచ్చింది. రశీదు అడిగితే చిన్న చీటీ మీద రాసిచ్చాడు, మా అకౌంట్స్ విభాగం దాన్ని చూసి ముఖం చిట్లించింది. సెల్లుల సామర్థ్యం గురించి చెప్పే మాటలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. 18650 సైజులో 3,500 మిల్లీ ఆంపియర్ అవర్లు దాటి ఎంతో పెద్ద అంకె రాసి ఉంటే అది నకిలీ అనుకోవడం మంచిది. 9,900 అని అచ్చువేసిన సెల్లులు కూడా మార్కెట్లో తిరుగుతున్నాయి. నేను 2,600 అంకె ఉన్న పేరున్న కంపెనీ సెల్లులే వేయించుకున్నాను. మొత్తం ఖర్చు పనికూలితో కలిపి రెండు వేల రూపాయల లోపే. పది నెలలుగా ప్యానెల్ రోజంతా నడుస్తోంది. మొదటి వారం మాత్రం దాన్ని రాత్రిపూట డాక్‌లో వదిలేయకుండా, చార్జి అవుతున్నప్పుడు మనిషి దగ్గర ఉండేలా చూశాను. చేతితో కట్టిన లిథియం ప్యాక్ విషయంలో ఆ భయం ఉండటం మంచిదే.

రెండో ప్యానెల్ రోగం టచ్ గ్లాసుది. ఇప్పటి ఫోన్ల తెరలా వేలి విద్యుత్తును పసిగట్టే రకం కాదు. రెండు పారదర్శక పొరలు నొక్కినచోట ఒకదానికొకటి తగిలితే పనిచేసే రెసిస్టివ్ రకం. ఇందులో నాలుగు తీగలవి, ఐదు తీగలవి ఉంటాయి. కంటికి ఒకేలా కనిపించినా ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు. నాలుగు తీగల గ్లాసులో మీటరు పెడితే తీగలు రెండు జతలుగా విడిపోయి, ఒక్కో జత మధ్య కొన్ని వందల ఓములు కనిపిస్తాయి. ఒక జతకూ రెండో జతకూ మధ్య వేలితో నొక్కేదాకా సంబంధమే ఉండదు. ఐదు తీగలదైతే నాలుగు తీగలు కలిసే ఉంటాయి, ఐదోది నొక్కితేనే కలుస్తుంది. మాది నాలుగు తీగలది, ఒక జతలో అంచు దగ్గర తెగింది.

కోఠిలో ఇది దొరకలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గరి కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో నాలుగు దుకాణాల్లో అడిగితే అందరూ ఫోన్ల గ్లాసులే చూపించారు. చివరికి బాలానగర్‌లో ఫ్యాక్టరీ యంత్రాల ఆపరేటర్ ప్యానెళ్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో దొరికింది. కారణం తెలిశాక ఆశ్చర్యం పోయింది. 8.4 అంగుళాలు, అడ్డంగా 800, నిలువుగా 600 చుక్కలు అనే కొలత సెమినార్ హాళ్ల కోసం పుట్టింది కాదు, సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే లోహపు కోత యంత్రాలు) లాంటి యంత్రాల మీద ఏళ్లుగా వాడుతున్న కొలత. యంత్రాలు ఇరవై ఏళ్లు నడుస్తాయి కాబట్టి వాటి తెరలు, గ్లాసులు నేటికీ తయారవుతున్నాయి. ఆడియో విజువల్ వాళ్ల దగ్గర అంతరించిపోయిన వస్తువు ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర అరలో మామూలుగా పడి ఉంటుంది. ఈ వర్క్‌షాపుకు నా పూర్తి మార్కులు. కూర్చోబెట్టి, వెర్నియర్‌తో గ్లాసు బయటి పొడవు, వెడల్పు, నొక్కితే పనిచేసే భాగం కొలత, గ్లాసును బోర్డుకు కలిపే రిబ్బన్ తోక ఏ అంచు నుంచి ఎంత దూరంలో వస్తుందో విడివిడిగా రాసుకున్నారు. అంగుళాల లెక్క ఒక్కటే చెప్పి తెప్పించుకుంటే తోక అవతలి వైపు వస్తుందని వారు చెప్పిన హెచ్చరిక విలువైనది. గ్లాసు వేశాక క్యాలిబ్రేషన్, అంటే నొక్కినచోటు తెర మీది చోటుతో సరిపోయేలా సరిచేయడం తప్పనిసరి. అది చేయకపోవడం వల్లనే కొత్త గ్లాసు కూడా పాడైందని మొదటి పూట నేను కంగారుపడ్డాను.

తెర వెనక వెలుతురు మసకబారితే అది సన్నని ట్యూబ్ లైటు ముసలితనం. దాని బదులు ఎల్‌ఈడీ పట్టీలు దొరుకుతాయి, అదే వర్క్‌షాపు వేసి ఇస్తుంది. ఆ ట్యూబుకు కరెంటిచ్చే ఇన్వర్టరు బోర్డులో వందల వోల్టులు ఉంటాయి కాబట్టి సొంతంగా వేలు పెట్టకండి.

మదర్ బోర్డు, ప్లాస్టిక్ పెట్టె, డాక్ లాంటివి మాత్రం ఎవరూ కొత్తగా చేయరు. వాటికి ఒకటే దారి, ఇంకో ప్యానెల్‌ను కోసుకోవడం. పాత బోర్డు రూముల నుంచి ఇలాంటి వ్యవస్థలను విప్పి కొత్తవి అమర్చే ఇంటిగ్రేటర్లకు నేను ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. ఐదో ఫోనుకు ఒకాయన తన గోడౌనులో రెండు ఉన్నాయన్నారు, తుక్కు ధర కంటే కొంచెం ఎక్కువకు ఇచ్చారు. వాటిలో ఒకటి డాక్‌లో పెట్టగానే లేచి, ఎవరిదో బోర్డు రూము పేజీ చూపించింది. "చైర్మన్ సీటు, ఏసీ తగ్గించు" అన్న బటన్ కూడా ఉంది. రెండు రోజులు మా వాచ్‌మన్ ఆ బటన్ నొక్కుతూ సంబరపడ్డాడు. ఆన్‌లైన్ వేట కంటే ఇలాంటి ఫోన్లే ఎక్కువ ఫలితమిచ్చాయి. ఆ సామాను ఎవరికీ అక్కర్లేదన్న నమ్మకంతో వారు ప్రకటన కూడా ఇవ్వరు కాబట్టి మనమే అడగాలి.

ఇక విడిభాగాలన్నీ దొరికినా ప్యానెల్ పనికిరాకుండా పోయే సందర్భాలు రెండున్నాయి, నా దృష్టిలో ఈ సమీక్ష మొత్తానికీ ముఖ్యమైనవి అవే. మొదటిది వైఫై. ఆ తరం ప్యానెళ్లలోని రేడియో 2.4 గిగాహెర్ట్జ్ మీద 802.11 బీ లేదా జీ మాత్రమే ఎరుగును, పాత తాళం పద్ధతులైన వెప్, టీకేఐపీలతోనే మాట్లాడేవి చాలా ఉన్నాయి. కళాశాల ఐటీ విభాగం కొత్త యాక్సెస్ పాయింట్లు పెట్టి పాత పద్ధతులన్నీ కట్టేసిన రోజు, బాగుచేసిన బ్యాటరీతో నిగనిగలాడుతున్న మా ప్యానెల్ ఒక్క దీపాన్ని కూడా ఆర్పలేకపోయింది. తప్పు ఐటీ వారిది కాదు, భద్రత దృష్ట్యా వారు చేసిందే సరైనది. అటకెక్కిన ఒక పాత రౌటరును దించి, ఇంటర్నెట్‌తో గానీ కళాశాల నెట్‌వర్క్‌తో గానీ సంబంధం లేకుండా, కేవలం ప్యానెళ్లకూ, వాటి ఆదేశాలు అందుకుని దీపాలు, ప్రొజెక్టరు వగైరా నడిపే కంట్రోలరు పెట్టెకూ మధ్య ప్రత్యేకంగా పెట్టాం. ఆ రౌటరుకు పైసా ఖర్చు కాలేదు గానీ, వేటలో దొరికిన అన్నింటికంటే విలువైన విడిభాగం అదే.

రెండోది ఫైలు. ప్యానెల్ మీద కనిపించే పేజీలు, బటన్లు, కంట్రోలరులో నడిచే ప్రోగ్రాము 2009లో అమర్చిన సంస్థ ప్రోగ్రామరు రాసినవి. ఏఎంఎక్స్ వ్యవస్థల్లో ప్యానెల్ పేజీల ఫైలును టీపీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో ప్యానెల్ నుంచే వెనక్కి తీసుకునే వీలుంది. అయితే కంట్రోలరులోని నెట్‌లింక్స్ ప్రోగ్రాము విషయంలో, రాసినవారు మూల కోడును కూడా లోపలికి ఎక్కించి ఉంటేనే అది దొరుకుతుంది, లేకపోతే యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపంలోకి మారిన ఫైలు ఒక్కటే మిగులుతుంది. ఇదే రంగంలోని ఇంకో కంపెనీ క్రెస్ట్రాన్ వ్యవస్థల్లో కూడా ప్యానెల్‌లోకి వెళ్లేది తయారైన ఫైలే, మార్పులు చేయడానికి కావలసిన మూల ఫైలు ప్రోగ్రామరు కంప్యూటరులో ఉంటుంది. మా ఫైళ్ల కోసం వెతికితే ఆ సంస్థ మూతపడిందని తెలిసింది. అప్పట్లో అక్కడ పనిచేసిన ఒకాయన దగ్గర పాత సీడీ ఉండటం మా అదృష్టం. ఫైలు లేకపోతే తుక్కులో తెచ్చిన ప్యానెల్ చైర్మన్ గారి ఏసీ బటన్ చూపిస్తూనే ఉండేది. కాబట్టి బ్యాటరీ కోసం కోఠికి బయలుదేరే ముందే, ప్యానెల్‌లో ఇంకా ప్రాణం ఉండగానే, ఫైళ్లన్నీ రెండు చోట్ల దాచుకోండి. ఫైలు లేదు, రాసిన మనిషి దొరకడు, ప్యానెల్ తెరుచుకోదు అన్న పరిస్థితి అయితే విడిభాగాలకు పెట్టే ప్రతి రూపాయీ దండగే, కొత్త వ్యవస్థ కొటేషన్‌నే మళ్లీ బయటికి తీయాలి.

టాబ్లెట్ పెట్టేసుకుంటే పోదా అని చాలామంది అడిగారు. కొన్ని పాత కంట్రోలర్లకు టాబ్లెట్ యాప్‌లు ఉన్నమాట నిజమే, చిన్న గదికి అది మంచి మార్గం కూడా. కానీ ఉపన్యాసం మధ్యలో అప్‌డేట్ అడిగే తెర, 24 గంటలూ చార్జింగ్‌లో ఉండి రెండేళ్లకే ఉబ్బే బ్యాటరీ, చీకట్లో తడిమి నొక్కడానికి ఒక్క గట్టి బటన్ కూడా లేని అంచు, ఈ మూడూ పక్కనున్న చిన్న హాలులో మేం చూసినవే. పాత ప్యానెల్ పక్కన శబ్దం పెంచడానికి, తగ్గించడానికి ఉన్న రబ్బరు బటన్ల విలువ వేదిక మీద నిలబడినవారికి తెలుస్తుంది.

ఇప్పుడు రెండు ప్యానెళ్లూ నడుస్తున్నాయి. బ్యాటరీలు, గ్లాసు, తుక్కు ప్యానెళ్లు, తిప్పలుపెట్టిన ఆ 2012 ప్యాక్ అన్నీ కలిపి ఖర్చు కొత్త ప్యానెల్ ఒక్కదాని ధరలో మూడో వంతు కూడా కాలేదు. ఇంకా దొరకనివి రెండో డాక్‌లోని స్ప్రింగ్ పిన్నులు. రెండు అరిగి లోపలికి కూర్చుండిపోయాయి, ప్యానెల్‌ను కాస్త వంచి పెడితేనే చార్జింగ్ దీపం వెలుగుతోంది. పిన్ను వ్యాసం, పొడవు, నొక్కితే ఎంత లోపలికి దిగాలో కొలిచి రాసిన చీటీని గుజరాతీ గల్లీ దుకాణంలో ఇచ్చి వచ్చాను. అతను దాన్ని అద్దం కింద పెట్టుకుని, "వారం ఆగి ఫోన్ చేయండి సార్," అన్నాడు. అప్పటిదాకా డాక్ కింద మడతపెట్టిన అట్టముక్క ఉంది.